శుక్రవారం ఫాస్టింగ్, రెండు ఇడ్లీలు

క్రిందటి శుక్రవారం పొద్దున్న అయిదుంబావుకి మా వంటింట్లో నేను చేసిన ఒక పని వల్ల ఏలూరులో ఒక ఆపరేషన్ ఆగిపోయిందండి. పెద్ద పనేం కాదు. రెండు ఇడ్లీలు వేశాను. వేసి, ఆరేళ్ళ మా మనవరాలు షారోన్‌కి తినిపించాను. ఆ రెండు ఇడ్లీల కోసం వారం రోజులు ఎంత గూఢచారితనం చేశానో చెబుతాను. విన్నాక మన స్త్రీల సమాజానికి నన్ను కార్యదర్శిగా ఉంచుతారో, తీసేస్తారో మీ ఇష్టం.

మా ఇంటి సంగతి మీలో కొందరికి తెలియదు. కైకలూరులో ఉంటాం. మా అబ్బాయి విజయ్ ఐసు ఫ్యాక్టరీలో మేనేజరు. కోడలు ప్రశాంతి ముదినేపల్లిలో స్కూలు టీచరు, పుట్టిల్లు తాడేపల్లిగూడెం. మంచి పిల్ల. ఈ మాట ఇప్పుడు మనస్ఫూర్తిగా అంటున్నాను. క్రిందటి వారం అడిగి ఉంటే కొంచెం ఆలోచించి చెప్పేదాన్ని.

షారోన్‌కి ఏడాదిగా గొంతు బాగుండటం లేదు. నెలకోసారి జ్వరం, ముద్ద మింగలేకపోవడం, పడుకుంటే నోరు తెరుచుకుని గురక. అంత చిన్న పిల్ల అంత గురక పెడుతుంటే వినడానికి నవ్వొస్తుంది. కానీ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంది చూడండి, అప్పుడు పక్కన పడుకున్న నాకు నవ్వు రాదు. డాక్టరు రాసిన సిరప్ ఫ్రిజ్ తలుపులో ఉండేది. అది పోశాక, మన చర్చి అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె పిల్ల నుదుటికి రాసేదాన్ని. సిరప్ ముందు, నూనె తరవాత. ఆ వరస మా తాతగారి దగ్గర నేర్చుకున్నది.

తాతగారు కొల్లేటి లంకలో ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పేవారు, మిగతా రోజులు పిల్లలకి అక్షరాలు దిద్దించేవారు. మా అమ్మకి అయిదో ఏట కంఠసర్పి వచ్చింది. గొంతులో పొర కట్టి ఊపిరాడనివ్వని జబ్బు అది. అదే వారంలో తాతగారి అన్నగారి కొడుక్కీ వచ్చింది. అన్నగారు పిల్లాణ్ణి చాప మీద పడుకోబెట్టి, పక్కన మోకరించి, మూడు రోజులు లేవకుండా ప్రార్థన చేశారు. మా తాతగారూ ప్రార్థన చేశారు. అయితే ఆయన దోనెలో నిలబడి, గెడ వేసుకుంటూ, మా అమ్మని మిషను ఆస్పత్రికి తీసుకెళ్తూ చేశారు. మా అమ్మ బతికింది. ఆ పిల్లాడి పేరు ఇవాళ మా వంశంలో గుర్తున్నది నాకొక్కదానికే. సామ్యేలు.

అందుకని, పిల్లలకి మందు మానిపించి ప్రార్థన అనే మాట వింటే నాకు వణుకు. నా అనుమానమంతా అక్కడ పుట్టింది.

ప్రశాంతి పుట్టింటివారిది మనలాంటి పాత మిషను గుడి కాదు. కొత్త మందిరం. డ్రమ్ములు, కీబోర్డు, ప్రతి శుక్రవారం ఫాస్టింగ్ ప్రేయర్. నేనూ ఒకసారి వెళ్ళాను. బాగానే ఉంది, తిరిగి వచ్చాక గంటసేపు చెవులు మోగాయి, అంతే. కానీ క్రిందటి నెల సెలవులకి కోడలూ పిల్లా అక్కడికి వెళ్ళొచ్చాక వియ్యపురాలు ఫోన్ చేసి ఒక మాట అన్నారు.

"వదినగారండీ, మా మందిరానికి మూర్ఛ వచ్చే పాపని తీసుకొచ్చారండి. దైవజనుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ రోజు నుంచీ మాత్రలన్నీ మానేసిందండి."

"ఇప్పుడెలా ఉందండి పాపకి?" అన్నాను.

"ఏమోనండి, వాళ్ళు తణుకు వెళ్ళిపోయారు."

ఆ తణుకు దగ్గర నా మనసు ఆగిపోయింది. అక్కణ్ణించి ముందుకి కదల్లేదు.

సోమవారం చూస్తే ఫ్రిజ్ తలుపులో సిరప్ సీసా లేదు. చెత్తబుట్టలో ఉంది. అడుగున ఇంకా రెండు చెంచాల మందుంది. ఎవరూ చూడకుండా తీసి, పైన కడిగి, బీరువాలో నా పట్టుచీర మడతలో దాచాను. సాయంత్రం కోడలు బడి నుంచి వచ్చాక ఏమీ తెలియనట్టు అడిగాను.

"షారోన్ సిరప్ కనబడటం లేదేంటమ్మా?"

"ఇంక అక్కర్లేదండి అత్తయ్యా. సార్ ఆపేయమన్నారు."

సార్ అట. ఈ రోజుల్లో డాక్టరూ సారే, హెడ్మాస్టరూ సారే, స్టేజీ మీద మైకు పట్టుకున్నవారూ సారే. ఏ సారో ఎలా తెలుస్తుంది? విజయ్ వైపు చూశాను. వాడు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడు పేపరు చదివే మనిషి కాదండి.

బుధవారం మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. ప్రశాంతి మెట్ల దగ్గర నిలబడి వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. నేను వినాలని వినలేదు. తడి తువ్వాలు పట్టుకుని కదలకుండా నిలబడ్డాను, అంతే.

"లేదమ్మా, నొప్పే తెలీదంట. సార్ చెయ్యి చాలా మంచిదంట. అరగంటలో అయిపోతుంది... శుక్రవారమే. ఫాస్టింగ్‌తో రమ్మన్నారు... అబ్బే, అత్తయ్యగారికి చెప్పలేదు. చెబితే సాగనివ్వరు. ఆవిడ సంగతి నీకు తెలుసుగా."

నా సంగతి వాళ్ళమ్మకి తెలుసట. ఆ తువ్వాలుని నాలుగుసార్లు పిండాను. నీళ్ళు రెండోసారికే అయిపోయాయి.

ఇంక నా లెక్క నాకు కుదిరిపోయింది. మందు ఆపేశారు. శుక్రవారం. ఫాస్టింగ్. చెయ్యి పెట్టే సార్. ముసలామెకి చెప్పొద్దు. ఇంతకంటే ఏం కావాలి?

కొడుకుని కదిపి చూశాను. "ఒరే విజయ్, పిల్ల గొంతు గురించి మీరేం ఆలోచిస్తున్నారు?"

"నువ్వు ప్రార్థన చేసుకో అమ్మా. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు, బండి తాళాలు వెతుక్కుంటూ. తాళాలు వాడి చేతిలోనే ఉన్నాయి.

గురువారం రాత్రి భోజనాలయ్యాక ప్రశాంతి నా దగ్గరికి వచ్చి నిలబడింది. చెప్పాలా వద్దా అన్నట్టుగా పైట చెంగు మెలిపెడుతోంది.

"అత్తయ్యా, రేపు షారోన్‌కి ఫాస్టింగ్ అండి. పొద్దున్నే లేచి ఆకలంటే మీరేమీ పెట్టకండి. పాలు వద్దు. మంచినీళ్ళు కూడా వద్దు. ఏడింటికల్లా ఏలూరు బయల్దేరతాం."

"ఆరేళ్ళ పిల్లకి ఫాస్టింగ్ ఏంటమ్మా? కావాలంటే దాని బదులు మనం చేద్దాం."

"బదులు చేస్తే కుదరదండి. తనే చెయ్యాలంట."

"ఎందుకని?"

"సార్ చెప్పారండి" అని గదిలోకి వెళ్ళిపోయింది.

నేను గొంతెత్తి అడిగే మనిషిని కాను. మీకు తెలుసు, మన మీటింగుల్లో నా మాట రెండో వరసకి వినబడదు. కానీ ఆ గది తలుపు దగ్గరికి వెళ్ళి, "నేనూ వస్తాను ఏలూరు" అన్నాను. లోపల కాసేపు గుసగుసలు. తరవాత విజయ్ బయటికి వచ్చి, "సరేలే అమ్మా" అన్నాడు, ఓడిపోయినవాడిలాగా.

తెల్లవారుజామున నాలుగున్నరకే షారోన్ లేచి కూర్చుంది. "నానమ్మా, ఆకలేస్తోంది" అంది. గొంతు గరగరలాడుతోంది. నేను మోకరించి, "ప్రభువా, ఈ పిల్లని ఆ ఫాస్టింగ్ నుంచి తప్పించే మార్గం చూపించు" అని అడిగాను. లేచి ఫ్రిజ్ తెరిస్తే ఇడ్లీ పిండి ఎదురుగా ఉంది. జవాబు అంత తొందరగా రావడం నా అనుభవంలో అదే మొదలు.

కుక్కర్ కూత వేయకుండా వెయిట్ తీసేశాను. గిన్నె చప్పుడు వినబడకుండా పంపు సన్నగా తిప్పి పెట్టాను. రెండు ఇడ్లీలు, నెయ్యి, కాస్త పంచదార. పిల్లకి మింగడానికి కష్టమని చిన్న చిన్న ముక్కలు చేసి, ఊది ఊది పెట్టాను. తరవాత గ్లాసుడు పాలు. ఆ తరవాత పట్టుచీర మడతలోంచి సిరప్ తీసి, ఉన్న రెండు చెంచాలూ పోశాను. ఆఖర్న నుదుటికి నూనె. వరస తప్పలేదు.

"అమ్మకి చెప్పకు" అన్నాను, దాని మూతి నా పైటతో తుడుస్తూ.

"అబద్ధమా నానమ్మా?"

"అబద్ధం కాదు తల్లీ. నిన్ను అడిగితే చెప్పు. అడక్కపోతే ఊరుకో."

ముప్ఫై ఏళ్ళు సండే స్కూల్లో పాఠం చెప్పిన నోరండి ఇది.

కార్లో విజయ్ ముందు, మేం ముగ్గురం వెనక. రోడ్డుకి అటూ ఇటూ చెరువులు, గట్ల మీద మేత బస్తాలు. నేనే మెల్లిగా మాట కలిపాను.

"ఆ సార్ దగ్గరికి చాలామంది వస్తారా అమ్మా?"

"చాలామందండి. పొద్దున్నే వెళ్తేగాని మన వంతు రాదు."

"శుక్రవారాలేనా?"

"రోజూ చేస్తారండి. మనకి శుక్రవారం ఇచ్చారు."

"ఎవరికైనా నిజంగా నయమయిందా? కళ్ళారా చూశావా?"

"మా స్కూల్లో హిందీ టీచర్ గారి బాబుకి చేశారండి. ఇప్పుడు గురకే లేదంట."

హిందీ టీచర్ గారు కూడానా అనుకున్నాను. ఆవిడ బొట్టు పెట్టుకునే మనిషి. వీళ్ళు ఎంత దూరం వెళ్ళారు అని పిల్లని దగ్గరికి లాక్కున్నాను. సరిగ్గా అప్పుడే షారోన్ గట్టిగా త్రేన్చింది. పాలూ నెయ్యీ కలిసిన త్రేన్పు.

"పాపం, ఖాళీ కడుపు కదా, గ్యాస్" అంది ప్రశాంతి, పిల్ల వీపు నిమురుతూ. నేను కిటికీలోంచి కొంగల్ని చూశాను.

ఏలూరులో కారు ఒక సందు తిరిగి ఆగింది. షామియానా ఉంటుందనుకున్నాను. మైకులు ఉంటాయనుకున్నాను. వచ్చేటప్పుడు మనసులో ఒక ప్రసంగం కూడా తయారు చేసుకున్నాను, అందరి ముందూ నిలబడి చెప్పడానికి. తల ఎత్తి చూస్తే బోర్డు మీద చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రి అని ఉంది.

ఆ బోర్డుని రెండుసార్లు చదివాను. నీరసం వచ్చింది, ఆ వెంటనే సంతోషం వచ్చింది. డాక్టరు. సార్ అంటే డాక్టరే. కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ స్తోత్రం పూర్తి కాకముందే లోపలికి పిలిచారు.

ఒక నర్సమ్మాయి కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. "టాన్సిల్స్ ఆపరేషన్ పాప ఈ పాపేనా అండి? రాత్రి నుంచీ ఏమైనా తిందా?"

"లేదండి. రాత్రి తొమ్మిదింటికి అన్నం తింది. అంతే" అంది ప్రశాంతి.

"మంచినీళ్ళు?"

"చుక్క కూడా లేదండి."

షారోన్ నా వైపు చూసింది. నన్నెవరూ అడగలేదు కదా అన్నట్టు, బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడింది. నేను చెప్పినట్టే చేస్తోంది పిల్ల.

నర్సమ్మాయి కాగితం మీద టిక్కు పెట్టబోతోంది. ఏదో ఆస్పత్రి నియమం కాబోలు, రెండు ఇడ్లీలకి ఏమవుతుందిలే, ఇంతమందిలో పరువు పోగొట్టుకోవడం ఎందుకు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. దాచి లాభం లేదు. కానీ నోరు దానంతటదే అడిగింది.

"తింటే ఏమవుతుందమ్మా?"

"మత్తులో ఉన్నప్పుడు వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది మామ్మగారూ. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇన్నిసార్లు అడుగుతాం."

"అయితే రెండు ఇడ్లీలు" అన్నాను.

"ఏంటండీ?"

"రెండు ఇడ్లీలు తిందమ్మా. అయిదుంబావుకి."

నర్సమ్మాయి పెన్ను ఆగింది. ప్రశాంతి మెల్లిగా నా వైపు తిరిగింది.

"ఇడ్లీలు మాత్రమేనా అండి?"

"నెయ్యి వేశాను."

"ఇంకా?"

"పంచదార. తరవాత ఒక గ్లాసు పాలు."

"ఇంకేమైనా ఉందా మామ్మగారూ? ఒకేసారి చెప్పేయండి."

"రెండు చెంచాల సిరప్. చెత్తబుట్టలో దొరికింది."

"చెత్తబుట్టలోనా?" అన్నాడు విజయ్.

"సీసా కడిగానురా" అన్నాను. "ఇంకోటుంది. నూనె. కానీ అది నుదుటికే."

నర్సమ్మాయి అవన్నీ వరసగా రాసుకుంది. నూనె కూడా రాసింది. లోపలికి వెళ్ళి డాక్టరుగారిని తీసుకొచ్చింది. కుర్రాయనే, మెత్తగా మాట్లాడతారు. కాగితం చదువుతూ పెదవి కొరుక్కున్నారు, నవ్వు ఆపుకోవడానికి కాబోలు. "ఈవేళ చెయ్యకూడదండి. మత్తు డాక్టరుగారు మధ్యాహ్నం ఉండరు. రేపు మొదటి కేసు ఈ పాపదే పెడదాం" అన్నారు. వెళ్ళబోతూ నా దగ్గర ఆగారు. "మీరు చెప్పారు కాబట్టి సరిపోయిందండి" అన్నారు. అందులో మెప్పు ఎంతో, చివాట్లు ఎన్నో నాకు ఇప్పటికీ తేలలేదు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ప్రశాంతి అంది, నేలకేసి చూస్తూ.

"ఎందుకలా చేశారండి అత్తయ్యా? చెప్పాను కదండీ, ఫాస్టింగ్ అని."

"మీ మందిరం ఫాస్టింగ్ అనుకున్నానమ్మా. పిల్లకి మందు మానిపించి, ఎవరో సార్ చేత చెయ్యి పెట్టించడానికి తీసుకెళ్తున్నావనుకున్నాను."

తలెత్తి చూసింది. కళ్ళల్లో నీళ్ళు. "నేనా అండి? షారోన్‌కి ముక్కు కారితే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని, నేను మందు మానిపిస్తానా?"

"సిరప్ పారేశావుగా."

"కోర్సు అయిపోయిందండి."

నేను తల దించుకున్నాను. "మరి ఆపరేషన్ అని నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

ఈసారి తల దించుకోవడం తన వంతయింది. "మీరు వద్దంటారనుకున్నామండి. కత్తి పెట్టొద్దు, ప్రార్థన చేద్దాం, నూనె రాద్దాం అంటారని. రోజూ ఆ నూనె సీసా పట్టుకుని తిరుగుతారు కదండీ."

"నేనా?" అన్నాను. సరిగ్గా తను అన్నట్టే అన్నాను.

అదండీ సంగతి. నెల రోజులుగా ఒకే ఇంట్లో, ఒకే పిల్ల మీద ప్రేమతో, నా భక్తిని చూసి తను భయపడింది, తన భక్తిని చూసి నేను భయపడ్డాను. సామ్యేలు సంగతి ప్రశాంతికి ఆ బెంచీ మీదే మొదటిసారి చెప్పాను. ఎనిమిదేళ్ళయింది కోడలు వచ్చి. పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ ఎవరివి ఎప్పుడో అన్నీ చెప్పాను గానీ, ఇది చెప్పలేదు. విని, నా చెయ్యి పట్టుకుంది. విజయ్ మాత్రం భుజాలు కదులుతుంటే గోడ వైపు తిరిగాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"చెప్పొద్దని సలహా ఇచ్చింది ఆయనేనండి" అంది ప్రశాంతి.

శనివారం పొద్దున్న మా ఇంట్లో స్టవ్ వెలగలేదు. మిగిలిన ఇడ్లీ పిండిని ప్రశాంతి ముందురోజు సాయంత్రమే పక్కింటివారికి ఇచ్చేసింది. నా మీద నమ్మకం లేక కాదని మూడుసార్లు చెప్పింది. "షారోన్ ఒక్కతే ఆకలితో ఉండటం ఎందుకండి, మనందరం ఉందాం" అంది. సరేనన్నాను. విజయ్ కూడా కాఫీ లేకుండా కూర్చున్నాడు, ఎవరో తిట్టినట్టు ముఖం పెట్టుకుని. పిల్ల తల మీద ఒక పక్క నా చెయ్యి, ఒక పక్క వాళ్ళమ్మ చెయ్యి. ప్రశాంతి గట్టిగా ప్రార్థన చేసే మనిషి. ఆ రోజు గొంతు కొంచెం తగ్గించింది. నేను కొంచెం పెంచాను.

ఆస్పత్రిలో అదే నర్సమ్మాయి. ఈసారి తల్లిని అడగలేదు. తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "మామ్మగారూ, మీరు చెప్పండి."

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదమ్మా. అదే కాదు, ఇంటిల్లిపాదీ ముట్టలేదు" అన్నాను, కాస్త గర్వంగానే.

పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. నేను ఆ తలుపు దగ్గర నిలబడి ప్రార్థన చేసుకుంటున్నాను. పది నిమిషాలకి తలుపు కాస్త పక్కకి జరిగింది. తరవాత గోడ కూడా జరిగింది. ఇంక ఏదో ఒకటి పట్టుకుందామని చూస్తే ప్రశాంతి భుజం దొరికింది. నర్సమ్మాయి పరిగెత్తుకొచ్చి, నన్ను మంచం మీద పడుకోబెట్టి, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది.

"మామ్మగారూ, మీకు బి.పి. ఉందా?"

"ఉందమ్మా, చాలా ఏళ్ళుగా."

"ఈవేళ మాత్ర వేసుకున్నారా?"

"అది టిఫిన్ అయ్యాక వేసుకునే మాత్రమ్మా. ఫాస్టింగ్ కదా, టిఫిన్ చెయ్యలేదు."

ప్రశాంతి నా ముఖంలోకి చూసింది. ఒక్క మాట అనలేదు. అందుకే అంటున్నాను, మంచి పిల్ల అని. గబగబా కింద క్యాంటీన్‌కి వెళ్ళి ఉప్మా తెచ్చి, తనే చెంచాతో పెట్టడం మొదలుపెట్టింది.

డాక్టరుగారు బయటికి వచ్చారు. ఆపరేషన్ బాగా జరిగిందని, ఇంకాసేపట్లో పాప లేస్తుందని చెప్పారు. మేం ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం. అప్పుడాయన మంచం మీద నోట్లో ఉప్మాతో ఉన్న నన్ను చూశారు.

"ఈవిడకేమయింది?"

నర్సమ్మాయి పట్టీ విప్పుతూ చెప్పింది. "మందు మానేసి ప్రార్థన చేసుకుంటున్నారండి, సార్."